గ్రాఫిక్స్ కార్డుకు ఇటుక గది

ఆ పొద్దున ఆకాశం తనిఖీకి వచ్చిన పెద్ద సారులా నడుచుకుంది. మబ్బులు పడమటి నుంచి బారులు తీరి వచ్చాయి. మా ఆయకట్టు మీద కాసేపు నిలబడ్డాయి. ఇంత నీడ పరిచి, ఏమీ రాయకుండా తూర్పుకు వెళ్ళిపోయాయి. కాసేపటికి ఎండ మళ్ళీ డ్యూటీలో చేరింది.

నేను కాలువ లస్కరుని. షట్టరు ఎత్తమంటే ఎత్తి, దించమంటే దించే ఉద్యోగం. పేరు అంకారావు. పెద్ద కాలువ నుంచి మా పిల్లకాలువ చీలేచోట షట్టరు ఉంది. దాని పక్కనే మా సబ్‌డివిజను ఆఫీసు. పిల్లకాలువ అక్కడ బయలుదేరి, ఆఫీసు గోడను రాసుకుంటూ పోయి, ఆ చివర సైదమ్మ వాళ్ళ ఊరి పొలాల్లో ముగుస్తుంది. అలా ముగుస్తుందని మ్యాపులో ఉంది. నీళ్ళు కూడా అంతదూరం పోతాయా అన్నది వేరే సంగతి.

నేను వెళ్ళేసరికి సైదమ్మ షట్టరు కట్ట మీద కూర్చుని ఉంది. ఈ ఏడు కౌలుకు పొలం తీసుకుని నారు పోసింది. వేసిన బోర్లన్నీ ఎండిపోయిన ఊరు వాళ్ళది. ఎవరి ఇంటి ముందరో కుళాయి వస్తే బిందెలతో పట్టుకొచ్చి నారుమడి తడుపుతోంది.

"అంకారావన్నా, నీళ్ళు కళ్ళ ముందరే ఉండాయి గదా. షట్టరు ఎత్తరాదా?" అంది.

ఉన్నమాటే. పెద్ద కాలువలో నీళ్ళు షట్టరు రేకును ఒరుసుకుని నిలబడి ఉన్నాయి.

"తిప్పే చక్రం ఆఫీసు బీరువాలో పెట్టారమ్మా."

"బీరువాలో దానికేం పని?"

"జలదృశ్యం కనపడలా. కనపడితేనే చక్రం ఇస్తారు."

"నాకు కనపడతన్నాయిగా నీళ్ళు."

"నీకు కనపడితే చాలదు సైదమ్మా. ల్యాప్‌టాప్‌కు కనపడాల."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను షట్టరు వైపు చూశాను.

"నారు పసుపుపచ్చ తిరిగిపోతంది అన్నా. ముదిరితే నాటినా పిలకలెయ్యదు. మళ్ళీ పొయ్యటానికి ఇత్తనం లేదు, అదును లేదు. ఆ ల్యాప్‌టాపుకి చూపు మందమైతే నన్ను దీసకపొండి. నేను జూసి చెప్తా."

నాకు మాటలు తక్కువ. "సారుకు చెబుతా" అని మాత్రం అన్నాను.

జలదృశ్యం అంటే కంప్యూటరులో కొత్తగా వచ్చిన ఒక ఏర్పాటు. కాలువ మొత్తం అందులో గట్లతో, మలుపులతో, లోతులతో సహా బొమ్మ కడుతుంది. ప్రతి మలుపు దగ్గరా ఆకుపచ్చ గుర్తు పడాలి. అప్పుడే షట్టరు ఎత్తాలి. "కంటితో చూసి నీరు విడుదల చేయు అశాస్త్రీయ విధానమునకు ఇందుమూలముగా స్వస్తి పలకడమైనది" అని పైనుంచి ఉత్తర్వు. దాన్ని మా డీఈ ఫణిభూషణం గారు నాకు గట్టిగా చదివి వినిపించి, ఆ అశాస్త్రీయ విధానంలో నన్ను కూడా చేర్చి, చక్రం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇక ల్యాప్‌టాప్. అది ఆటలాడే పిల్లల కోసం చేసింది. ఆరేడేళ్ళ కింద డ్రోన్లతో కాలువలు కొలవాలని హెడ్డాఫీసుకు హుషారు పుట్టినప్పుడు కొన్నారు. అన్నిట్లోకీ ఖరీదైనది గనుక అన్నిట్లోకీ మంచిదని కమిటీ తేల్చింది. మూత మీద కోరలు తెరిచిన తోడేలు. మీటల కింద రంగురంగుల లైట్లు తిరునాళ్ళలో ప్రభలాగా వెలుగుతుంటాయి. ఆన్ చేస్తే నూర్పిడి మిషను చప్పుడు. బ్యాటరీ ఉబ్బిపోతే తీసి పారేశారు కాబట్టి గోడకు వైరు తగిలిస్తేనే లేస్తుంది. డ్రోన్ల హుషారు ఎప్పుడో తగ్గిపోయింది. తోడేలు మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

జలదృశ్యం తెరిచినప్పుడల్లా తెర మీద కాలువ మొదటి మలుపు దాకా వచ్చేది. అక్కడ ఆయాసపడి ఆగేది. ఒక ఎర్ర డబ్బా పడేది: మీ గ్రాఫిక్స్ కార్డు చాలదు, మార్చుకోండి.

"గ్రాఫిక్స్ కార్డు అంటే ఏంటి సార్?" అని అడిగాను.

"బొమ్మలు గీసే భాగం అంకారావ్. అది మారిస్తే కాలువ చివరిదాకా కనిపిస్తుంది" అన్నారు ఫణిభూషణం గారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తప్పు చేయకుండా ఉండాలంటే ఏమీ చేయకుండా ఉండటమే మార్గమని తెలుసుకున్న మనిషి ఆయన. అయినా ఆ రోజు సైదమ్మ మాట చెప్పగానే కిటికీలోంచి ఒకసారి కాలువ వైపు చూశారు. పైకి రాశారు. కొత్త ల్యాప్‌టాప్ ఇమ్మన్నారు. జవాబు చప్పున వచ్చింది. "పొదుపు చర్యలలో భాగముగా నూతన ల్యాప్‌టాప్‌ల కొనుగోలు నిషేధించడమైనది. ఉన్నవాటిలోనే గ్రాఫిక్స్ కార్డు మార్చుకొనవలెను."

టౌన్లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఖాసింను పిలిపించారు. వచ్చి, మరలు ఊడదీసి, అడుగు రేకు ఎత్తి చూశాడు. లోపల్నుంచి అరచేతిలో పట్టేంత దుమ్ము తీసి కాగితం మీద పోశాడు.

"దుమ్ము దులిపినా సార్. కొంచెం చల్లగా ఆడుద్ది. ర్యామ్ కావాలంటే పెంచొచ్చు. కార్డు మాత్రం మారదు."

"ఎందుకు మారదు?"

"ఇది ల్యాప్‌టాప్ సార్. కార్డంటే విడిగా ఉండేది కాదు. చిప్పును కంపెనీలోనే బోర్డుకు అతికించి పంపించారు. పీకితే బోర్డు పోద్ది. కొన్నిట్లో బయట పెట్టె తగిలించుకునే వీలుంటది. దీనికి ఆ సాకెట్టు కూడా లేదు."

"మరి ఉపాయం?"

"ఉంది సార్. బొమ్మ నాణ్యత తగ్గించుకోండి. చెట్లూ, నీడలూ, నీళ్ళ మెరుపులూ తీసేస్తే కాలువ చివరిదాకా వచ్చేస్తది. ఇప్పుడే చేసి చూపిస్తా."

మౌస్ మీద చెయ్యి వేశాడో లేదో ఫణిభూషణం గారు కుర్చీలోంచి లేచి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"నాణ్యత తగ్గించడమా? ఫైల్లో ఏమని రాయమంటావు? నాణ్యత తగ్గించి నీళ్ళు వదిలామనా? రేపు క్వాలిటీ కంట్రోల్ వాళ్ళొచ్చి నాసిరకం నీళ్ళు ఎవరికిచ్చావని అడిగితే ఏం చెప్పాలి?"

"నీళ్ళు అయ్యే గదా సార్. తగ్గేది బొమ్మే."

"నీకు తెలియదు ఖాసిం. తగ్గించు అన్న మాట ఒకసారి ఫైల్లో పడితే అది ఎటు పోయి ఎవరికి తగులుతుందో చెప్పలేం."

ఖాసిం తన సంచీ సర్దుకున్నాడు. "అయితే నేను పోనా సార్?"

"ఉండు. నువ్వు సాంకేతిక సాక్షివి" అన్నారు సారు.

అలా ఖాసిం మా ఆఫీసుకు తగులుకున్నాడు. పాపం, కొట్టు మూసుకుని వారంలో సగం రోజులు మా బెంచీ మీదే కూర్చునేవాడు.

కార్డు మారదన్న సంగతి పైకి తెలిసేలోపల కార్డు వచ్చేసింది. పెద్ద అట్టపెట్టె. విప్పితే మూడు ఫ్యాన్లున్న ఇనప వస్తువు, ల్యాప్‌టాప్ కంటే లావుగా ఉంది. పక్క గదిలో పనిచేసేవాళ్ళంతా వచ్చి నిలబడి చూశారు.

"ఇది ఇంట్లో బల్ల మీద పెట్టుకునే పెద్ద కంప్యూటర్లకు వేసేది సార్. దీన్ని అందులో పెట్టాలంటే ఎద్దును పిట్టగూట్లో కట్టేసినట్టే" అన్నాడు ఖాసిం.

"మంజూరైన వస్తువు. వెనక్కి పంపితే నిధులు వినియోగించలేదని మాట వస్తుంది" అన్నారు సారు. కార్డును బీరువాలో, షట్టరు చక్రం పక్కన పెట్టారు. బీరువా తలుపు తెరిచినప్పుడు నాకు చక్రం కనపడింది. సారు నన్ను చూశారు. మళ్ళీ తాళం పడింది.

సైదమ్మ మధ్యాహ్నం వచ్చింది. చేతిలో నాలుగు నారు మొక్కలు, వేళ్ళతో సహా. బల్ల మీద తోడేలు ముందు పెట్టింది.

"సూడండి సార్. కొసలు ఎర్రబడ్డయ్యి. మీ పెట్టెకు ఏదో కొత్తది వచ్చిందంటగా. పెట్టలేదా ఇంకా?"

"ప్రక్రియలో ఉందమ్మా" అన్నారు ఫణిభూషణం గారు.

"అది యాడుందో జెప్తే నేను పోయి అడుగుతా."

అంతలో బయట జీపు ఆగింది. ఆడిట్ ఆఫీసరు వైకుంఠరావు గారు దిగారు. మా ఆఫీసులో ఆయన పేరు చెబితే గడియారం కూడా టైము సరిచూసుకుంటుంది. ప్రతి వస్తువునూ చట్టం కళ్ళతో చూడటం ఆయన అలవాటు. ఒకసారి కాలువ గట్టు మీద చచ్చిపడిన పామును చూసి, అది శాఖాపరమైన ఆస్తా, కాదా అని అరగంట ఆలోచించిన మనిషి.

"గ్రాఫిక్స్ కార్డు మంజూరైనట్లు గమనించడమైనది. నిబంధనల మేరకు పాత విడిభాగము అప్పగించినగాని కొత్త విడిభాగము బిగించరాదు. పాత కార్డు ఎక్కడ?"

షట్టరు పళ్ళచక్రం మార్చాలన్నా మాకు అదే నిబంధన. పాతది చూపించాలి. లేకపోతే అమ్ముకున్నామంటారు.

"లోపలే ఉంది సార్" అన్నారు ఫణిభూషణం గారు.

"వెలుపలికి తీయించండి."

"ఊడదట సార్."

వైకుంఠరావు గారు ఖాసిం వైపు తిరిగారు. "ఏల ఊడదు?"

"బోర్డుకు అతికించేశారు సార్. పీకితే అది పోద్ది, దాంతోపాటు ల్యాప్‌టాపూ పోద్ది."

"అనగా నష్టము వాటిల్లకుండా యథాస్థానము నుండి వేరుచేయ వీలుకానిది."

"అంతే సార్."

"దీని బ్యాటరీ?"

"లేదు సార్. గోడకు వైరుంటేనే పనిచేస్తది."

"అనగా భూమికి అంటియున్న కట్టడముతో సంబంధము కలిగినది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "భూమికి అంటియున్న కట్టడముతో సంబంధము కలిగి, నష్టము లేకుండా వేరుచేయ వీలుకాని వస్తువును ఏమందురు ఫణిభూషణం గారూ?"

"ల్యాప్‌టాప్ అంటామండి."

"స్థిరాస్తి అందురు."

తోడేలు చప్పుడు చేస్తూ ఉంది.

"ఇన్నాళ్ళుగా ఒక స్థిరాస్తిని చరాస్తుల పట్టికలో కుర్చీలు, చెత్తబుట్టల నడుమ ఉంచితిరి. ఇది సామాన్యమైన లోపము కాదు. తక్షణము సరిదిద్దవలెను. అప్పటివరకు ఆస్తిని ఉన్నచోటు నుండి ఒక్క అంగుళమైనను కదల్చరాదు."

సైదమ్మకు అర్థం కాలేదు. "ఏమంటన్నారు అన్నా?" అని నన్నడిగింది.

"ల్యాప్‌టాప్ ఇకమీదట పొలం లెక్క" అన్నాను.

"పొలమా? దానికి నీళ్ళు పెడతారా మరి?"

నేను బల్ల మీది నారు మొక్కలు ఏరి ఆమె చేతికిచ్చాను.

మర్నాటి నుంచి పనులు చకచకా జరిగాయి. మా శాఖలో నీళ్ళు వదలడం తప్ప మిగతా పనులన్నీ చకచకానే జరుగుతాయి. సర్వేయరు గొలుసుతో వచ్చి బల్ల మీద ల్యాప్‌టాప్‌ను నాలుగు వైపులా కొలిచాడు. తూర్పున పెన్నుల డబ్బా, పడమట మంచినీళ్ళ గ్లాసు, ఉత్తరాన గోడ, దక్షిణాన డీఈ గారి పొట్ట అని హద్దులు రాసుకున్నాడు. గ్లాసు హద్దు గనుక దాన్ని ఎత్తి నీళ్ళు తాగకూడదన్నాడు. సారు అప్పటి నుంచి వరండాలోకి పోయి తాగి వచ్చేవారు. నాలుగు మూలలా చిన్న హద్దురాళ్ళు పెట్టి సున్నం కొట్టించారు. పంచాయతీ నుంచి మనిషి వచ్చి మూత మీద తోడేలు చెవి దగ్గర ఇంటినంబరు రాసిపోయాడు.

దక్షిణపు కిటికీ లోంచి మధ్యాహ్నం ఎండ సరిగ్గా ల్యాప్‌టాప్ మీద పడేది. అది వేడెక్కి కీచుమనేది.

"కొంచెం పక్కకు జరపండి సార్, కాలిపోద్ది" అన్నాడు ఖాసిం.

"జరపరాదు" అన్నారు సారు.

ల్యాప్‌టాప్‌ను జరపకూడదు గనుక కిటికీని జరిపారు. మేస్త్రి వచ్చి పాత కిటికీ పూడ్చి, ఇంకో గోడకు కొత్తగా తెరిచాడు. ఆ దుమ్మంతా పోయి ల్యాప్‌టాప్‌లోనే పడింది. ఖాసిం మళ్ళీ దులిపాడు. సర్కారు భూమిలో మట్టి తీసినట్టవుతుందేమోనని ఆ దుమ్మును సారు ఒక కవరులో పెట్టి దాచారు.

ఈ సంబరం తెలిసి పక్క డివిజన్ల వాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. ఒకాయన మా సారు భుజం తట్టి, "మాకూ ఒకటుంది అలాంటిది, ఇంకా కుర్చీల్లోనే రాస్తున్నాం. మీరు ముందున్నారండీ" అని మెచ్చుకుపోయాడు.

నేను మధ్యలో ఒకసారి సైకిలు మీద ఆ చివరి ఊరికి పోయి వచ్చాను. నారుమడి ఒక పక్క పూర్తిగా తెల్లబడిపోయింది. నెర్రెల్లో వేలు పడుతుంది. మిగిలిన పక్కన సైదమ్మ తడి గోనెలు కప్పి ఉంచింది.

"ఈ సగమన్నా నిలబడితే సగం చేను నాటుకుంటా అన్నా. ఇది కూడా పోతే ఇంక కూలికే" అంది. గొంతు పెంచలేదు. ఎప్పుడూ తగాదా పెట్టుకునే మనిషి గొంతు పెంచకపోతే వినడం కష్టం. నేను సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

ఆఫీసుకు వచ్చేసరికి వైకుంఠరావు గారు రెండో విడత వచ్చి కూర్చుని ఉన్నారు.

"స్థిరాస్తికి విడిభాగములు మార్చుట అనునది ఉండదు. మరమ్మతు ఉండును, లేదా విస్తరణ ఉండును. కొత్త కార్డు పాత కార్డు కంటె పరిమాణములో పెద్దది. కావున ఇది విస్తరణ."

"విస్తరణ అంటే సార్?" అన్నారు ఫణిభూషణం గారు.

"కట్టుబడి పని. ఆస్తిని ఆనుకొని కొత్త కార్డుకు తగిన నిర్మాణము చేపట్టవలెను. నిర్మాణము పూర్తియైన పిమ్మట కార్డు అందు ఉంచబడును. అప్పుడు ఆస్తి స్థాయి పెరిగినట్లు పరిగణించబడును."

ఖాసిం లేచి నిలబడ్డాడు. "సార్, పక్కన గది కట్టి అందులో కార్డు పెడితే ల్యాప్‌టాప్‌లో బొమ్మ రాదు సార్. రెండిటికీ సంబంధం ఉండదు."

"గోడ ఉమ్మడి గోడ. సంబంధము ఉండును" అన్నారు వైకుంఠరావు గారు.

ఖాసిం కూర్చున్నాడు. ఆ తరవాత చాలా రోజులు అతను సాక్షిగా ఏమీ చెప్పలేదు. ఫోన్లో పాటలు వింటూ ఉండేవాడు.

అంచనా వేయాలి. మా దగ్గర గ్రాఫిక్స్ కార్డుకు గది కట్టిన పాత నమూనా లేదు. ఉన్నదల్లా ఎప్పుడో వాగు మీద కాలువను దాటించడానికి కట్టిన వంతెన అంచనా. దాన్నే పేరు మార్చి రాసేశారు. అందువల్ల కార్డు గదికి వరద తాకిడి లెక్కలు కూడా వచ్చాయి. పైనుంచి ఒక్క ప్రశ్న కూడా లేకుండా మంజూరైంది. ల్యాప్‌టాప్ ఉన్న గోడకు బయటివైపు, కాలువ అంచున, కార్డు పట్టేంత చోటు చూసి ముగ్గు పోశారు.

శంకుస్థాపనకు పందిరి వేశారు. పెద్ద సారెవరో వచ్చి, "సాంకేతికతను పునాదుల స్థాయికి తీసుకుపోతున్న సబ్‌డివిజను ఇది" అని ప్రసంగించారు. కొబ్బరికాయ ల్యాప్‌టాప్ మీద కొడతామంటే ఖాసిం రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చివరికి హద్దురాయి మీద కొట్టారు. జనంలో నిలబడిన సైదమ్మకు కూడా ఒక ముక్క అందింది.

"ఏం జేసుకునేది దీన్ని? నారుకు పెట్టేదా?" అంది.

"ష్, మైకులో పడుద్ది" అన్నాడు పక్కనున్నవాడు.

మేస్త్రి పొద్దు తిరిగేలోపల గది లేపేశాడు. కోళ్ళగూడు కంటే కొంచెం పెద్దది. ముందు చిన్న తలుపు, పైన నాలుగు వేళ్ళ మందాన స్లాబు. గోడలకు సిమెంటు గిలాబు చేసి చేతులు కడుక్కుంటూ, "ఇంక తడుపుకోండి సార్. తడపకపోతే బీటలిస్తది" అన్నాడు.

"నీళ్ళు?" అన్నారు ఫణిభూషణం గారు.

"బకెట్టు ఇస్తే పెద్ద కాలువలో ముంచుకొస్తా."

వరండాలో టీ తాగుతున్న వైకుంఠరావు గారు గ్లాసు దించారు. "ప్రధాన కాలువ నుండి బకెట్టుతో తోడుట అక్రమ నీటి వినియోగము. కేసు పెట్టవలసి వచ్చును. నిర్మాణము పిల్లకాలువ గట్టున ఉన్నది. పిల్లకాలువ నీటినే వాడవలెను."

"పిల్లకాలువలో నీళ్ళు లేవు సార్" అన్నాను. నేను ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"ఏల లేవు?"

"షట్టరు ఎత్తలేదు సార్."

ఫణిభూషణం గారు గోడ వైపు చూస్తున్నారు. తడి గిలాబు అంచుల్లో అప్పటికే తెల్లబడటం మొదలైంది. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఏమీ చేయకుండా ఉన్న మనిషి ఏదైనా చేయబోయే ముందు అలా ఉంటాడనుకుంటాను.

"సార్, జలదృశ్యం నిబంధన సాగునీటికి కదండీ?" అన్నారు నెమ్మదిగా.

"అవును. సాగునీటి విడుదలకు మాత్రమే."

"ఇది నిర్మాణ అవసరం. దీనికి దృశ్యం అక్కర్లేదు."

వైకుంఠరావు గారు మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కరలేదు" అన్నారు. "అయితే గోడ తడియుటకు ఎంత నీరు కావలెనో అంతయే."

"షట్టరును అడుగు కంటే తక్కువ ఎత్తకూడదని నిబంధన ఉంది సార్. రేకు అదురుతుందని" అన్నారు ఫణిభూషణం గారు.

ఆ నిబంధన నిజంగానే ఉంది. ఉన్నవాటిలో అర్థమున్నది అదొక్కటే.

సారు బీరువా తెరిచారు. కార్డు పక్కనుంచి చక్రం తీసి నా చేతికిచ్చారు. దాని మీద దుమ్ము పట్టి ఉంది. "అడుగు, అంకారావ్" అన్నారు నా కళ్ళలోకి చూడకుండా. నేను పోయి తిప్పాను. రేకు మొదట మూలిగింది, తరవాత లేచింది. నీళ్ళు ఎండు బురదను నురగతో నెట్టుకుంటూ ఆఫీసు గోడ దాకా వచ్చాయి. మేస్త్రి ఒక చెంబుడు ముంచి కార్డు గది మీద చల్లాడు. మిగతావి ముందుకు పోయాయి.

మర్నాడు ఫణిభూషణం గారు గోడను బొటనవేలితో నొక్కి చూశారు. "ఇంకా పచ్చిగానే ఉంది" అన్నారు. ఆ మర్నాడూ అదే మాట. గోడ నిజానికి రాయిలా గట్టిపడింది. నేనూ నొక్కి చూశాను. "అవున్సార్, పచ్చిగానే ఉంది" అన్నాను. ఖాసిం కూడా వచ్చి నొక్కాడు. "వేలు దిగబడతంది సార్" అన్నాడు. సాక్షిగా అతను అబద్ధం చెప్పింది అప్పుడే. చెప్పాక మొహం తేటపడింది.

కార్డును గదిలో పెట్టి తలుపు వేశారు. దానికి ఏ వైరూ లేదు. ఆఫీసు లోపల ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర డబ్బా ఇంకా పడుతూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పని పూర్తయిందని రాస్తే తడపటం ఆపాలి. ఆపితే షట్టరు దించాలి. అందువల్ల పని పూర్తి కాలేదు.

ఒకరోజు చెప్పాపెట్టకుండా వైకుంఠరావు గారి జీపు వచ్చింది. ఆయన నేరుగా గోడ దగ్గరికి పోయి, బొటనవేలు పెట్టి నొక్కారు. ఇంకోచోట నొక్కారు. తరవాత గట్టు మీద నిలబడి నీళ్ళను చూశారు. అడుగు లోతు నీళ్ళు కార్డు గదిని దాటుకుని మలుపు తిరిగి పోతున్నాయి.

"గోడను దాటిన పిమ్మట ఈ నీరు ఎక్కడికి పోవుచున్నది?"

ఫణిభూషణం గారు ముందుకొచ్చారు. "వృథాగా పోతోంది సార్. వృథా కిందే రాస్తున్నాం."

"ఎచ్చటికి వృథా?"

సరిగ్గా అప్పుడు గట్టు మీదుగా సైదమ్మ వచ్చింది. తల మీద అన్నం గంప, చంకలో మజ్జిగ తపేలా. మోకాళ్ళ దాకా నల్లటి బురద, ఇంకా తడిగా. కొంగుకు ఒక నారు మొక్క అతుక్కుని ఉంది. ఆమెకు తెలియదు.

"నాట్లకి కూలోళ్ళకు వండినా సార్. మీకు కూడా తెచ్చినా. సగం చేనైనా..."

"సైదమ్మా" అన్నాను.

ఆగిపోయింది. వైకుంఠరావు గారు ఆమె కాళ్ళను చూశారు. కొంగును చూశారు. తరవాత గోడను, గోడ కింద పోతున్న నీళ్ళను చూశారు. ఆయన చేతిలో పెన్ను మూత తీసి ఉంది. విన్నదేదైనా రాయక తప్పని మనిషి. విననిది మాత్రం రాయనక్కర్లేదు.

పెన్నుకు మూత పెట్టి జేబులో తగిలించుకున్నారు. బూట్లు విప్పి, కార్డు గది నీడలో నేల మీద కూర్చున్నారు.

సైదమ్మ విస్తరాకులు పరిచింది. ఫణిభూషణం గారు ఆయన పక్కన, ఖాసిం ఎదురుగా, నేను చివర. ఆమె వడ్డించి తానూ ఒక ఆకు వేసుకుని కూర్చుంది. వేడన్నం, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఉల్లిపాయ. ఎవరూ నోరు తెరవలేదు. ఏ మాట మొదలుపెట్టినా అది ఎటు తిరిగి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. పక్కన కాలువ చప్పుడు వినపడుతూ ఉంది, వినపడనట్టు తింటున్నాం.

పచ్చడి కారం ఎక్కువై వైకుంఠరావు గారికి పొలమారింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఏం కావాలో నోటితో అడగలేదు. బొటనవేలు పెదవి దగ్గర పెట్టి చూపించారు. సైదమ్మ లేచి చెంబు అందించింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, మళ్ళీ అన్నం కలుపుకున్నారు.